వానలో ఇంకింది ఎంత? ఏ లెక్క మేలు?

ఏడాదిలో 800 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. అందులో భూగర్భజలంలో కలిసింది ఎంత?

చాలామంది శాతం లెక్కతో మొదలుపెడతారు. పది శాతం ఇంకిందనుకుంటే 80. చటుక్కున తేలిపోతుంది, దీని సుగుణం అంతే. రోజుల తరబడి ముసురుగా కురిసినా, నాలుగు కుంభవృష్టులుగా కురిసినా ఈ లెక్కకు ఒకటే. నేలకు మాత్రం ఒకటి కాదు.

నీటి జమాఖర్చు ఇంకాస్త నయం. ఆవిరైంది, మొక్కలు పీల్చి వదిలింది కలిపి 650, పైన పారిపోయింది 100 అయితే మిగిలిన 50 ఇంకినట్టు. కానీ ఆ 650లో పది శాతం తప్పు దొర్లితే 65! మనం వెతికే అంకె కంటే పొరపాటే పెద్దదవుతుంది. అందుకే పొడి ప్రాంతాల్లో దీన్ని నేను నమ్మను.

బావి చెప్పే లెక్క మీద నాకు గురి ఎక్కువ. వానకు నీటిమట్టం ఎంత లేచిందో కొలిచి, దాన్ని స్పెసిఫిక్ యీల్డ్‌తో గుణించాలి. నీటితో నిండిన పొరలోంచి దానంతటదే కారి వచ్చే నీరు ఆ పొర ఘనపరిమాణంలో ఎన్నో వంతో, అదే ఈ యీల్డ్. మట్టం 2 మీటర్లు లేచి, యీల్డ్ 0.02 అయితే 40 మిల్లీమీటర్లు. అదే 0.03 అనుకుంటే 60. టెన్షనంతా ఈ ఒక్క అంకెతోనే. పైగా పక్కనున్న బోరు ఆపేసినా మట్టం లేస్తుంది, అది వాన పుణ్యం కాదు. ఇంకొకటి చాలామంది మరిచిపోతారు: వాన పడకపోయి ఉంటే మట్టం ఇంకెంత దిగేదో ఊహించి, అక్కడి నుంచి కొలవాలి. లేకపోతే ఇంకింది తక్కువగా కనిపిస్తుంది.

నీరు మరీ లోతుగా ఉన్న పొడి నేలల్లో మాత్రం క్లోరైడ్ లెక్కే మేలు. వానతో వచ్చిన ఉప్పులోని క్లోరైడ్ నీటితోపాటు ఆవిరవదు, మొక్కలూ పెద్దగా తీసుకోవు. దిగే నీటిలోనే చిక్కబడుతుంది. వాన నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము, భూగర్భజలంలో 20 ఉంటే, వానలో ఇరవయ్యో వంతు ఇంకినట్టు. అంటే 40 మిల్లీమీటర్లు. ఎరువులు, మురుగు, రాతిలోని ఉప్పు కలిస్తే లెక్క చెడుతుంది. గాలితో వచ్చి పడే దుమ్ములోని ఉప్పునూ కలుపుకోవాలి. పైగా ఇది చాలా ఏళ్ల సగటు, ఈ ఏటి సంగతి చెప్పదు.

ఈ ఏడాది ఎంత తోడుకోవచ్చో తేల్చాలంటే బావి మట్టమే చూస్తాను. పక్కన క్లోరైడ్ లెక్క కూడా పెట్టుకుంటాను. ఏళ్ల తరబడి ఒకటి 60, ఇంకొకటి 40 చూపిస్తుంటే, ముందు అనుమానించేది యీల్డ్‌నే. పంపింగ్ పరీక్ష చేసి, అంటే నీరు తోడుతూ మట్టం ఎలా దిగుతుందో కొలిచి, దాన్ని మళ్లీ సరిచూస్తాను.