రెండు హోస్ సెన్సర్లు: నాలుగేళ్ళు ట్రాక్ మీద వాడాక

ఇంజిన్ వేడిని మోసుకొచ్చే ద్రవం, అంటే కూలెంట్, రేడియేటర్‌లోకి వెళ్ళే పై హోస్‌లో ఒకటి, చల్లబడి బయటికొచ్చే కింది హోస్‌లో ఒకటి బిగించే టెంపరేచర్ సెన్సర్లు, వాటి రీడింగులు దాచిపెట్టే చిన్న లాగర్. ఈ సెట్టు కొని నాలుగేళ్ళయింది. దీనికంటే ముందు కొన్నది మాత్రం పెద్ద అల్యూమినియం రేడియేటర్. ముందు కొనాల్సింది తర్వాత కొన్నాను.

నాది ముందు ఇంజిన్, వెనక చక్రాల డ్రైవ్ ఉన్న రెండు సీట్ల కారు. మండుటెండలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా కిక్కురుమనేది కాదు. రేస్ ట్రాక్ ఎక్కితే నాలుగో ల్యాప్‌కే హీటెక్కేది. సగం జవాబు ఈ మాటలోనే ఉందని అప్పుడు తట్టలేదు. ఫ్యాన్ పాడైతే బండి ఆగి ఉన్నప్పుడు వేడెక్కాలి. వేగంలో గాలి దానంతటదే వస్తుంది, ఫ్యాన్‌తో పనే లేదు. వేగంలోనే వేడెక్కుతోందంటే గాలి రేడియేటర్‌లోంచి పోవడం లేదు, లేదా కూలెంట్ సరిగ్గా తిరగడం లేదు, లేదా రేడియేటర్ సైజు చాలడం లేదు. సిలిండర్లకీ వాటి పైనుండే హెడ్‌కీ మధ్య సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయిందేమోనన్న అనుమానం ఎలాగూ ఉంటుంది. నేను ఏదీ కొలవకుండా సైజు చాలడం లేదని తేల్చేసి కొత్త రేడియేటర్ పెట్టించాను. ఐదో ల్యాప్‌కి మళ్ళీ అదే కథ. అంత ఖర్చుకీ మిగిలింది ఒక్క ల్యాప్!

డాష్‌బోర్డు ముల్లును నమ్మడం ఇంకో తప్పు. చాలా కార్లలో వేడి పది పదిహేను డిగ్రీలు మారినా ముల్లు మధ్యలోనే ఉండేలా చేస్తారు, నడిపేవాడికి టెన్షన్ లేకుండా. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. కారు కంప్యూటర్‌కి స్కానర్ తగిలించే ఓబీడీ పోర్టులో అసలు అంకె దొరుకుతుంది. కానీ అది సాధారణంగా ఇంజిన్ దగ్గర ఒక్క చోట కొలిచిందే. రేడియేటర్‌లోకి ఎంత వేడితో వెళ్ళి ఎంతతో బయటికొస్తోందో అది చెప్పదు.

బిగించడం గురించి కాస్త ఎక్కువే చెప్తాను, నా ఒక రోజంతా అక్కడే పోయింది కాబట్టి. హోస్ కోసి మధ్యలో అల్యూమినియం అడాప్టర్ పెట్టి రెండు వైపులా క్లాంపులు బిగించాలి. హోస్ లోపలి కొలత తీసుకున్నాకే అడాప్టర్ కొనండి, సన్నదైతే ప్రవాహానికి అదే అడ్డం. నాకొచ్చినవి ఒక్క వైరు సెన్సర్లు, అంటే కరెంటుకి తిరుగుదారి (ఎర్త్) వాటి లోహపు ఒంటి ద్వారానే దొరకాలి. అన్నీ బిగించి ఇంజిన్ స్టార్ట్ చేస్తే స్క్రీన్ మీద ఏమీ లేదు. రబ్బరు హోస్‌ల మధ్య ఉన్న అడాప్టర్‌కి ఎర్త్ ఎక్కడ్నుంచి వస్తుంది? రెండింటికీ విడిగా ఎర్త్ వైరు లాగాక ప్రాణం వచ్చింది. బిగించేముందే రెండు సెన్సర్లనీ మరిగే నీళ్ళలో పెట్టి చూడాల్సింది. నేను తర్వాత విప్పి చూశాను, ఒక డిగ్రీ తేడాతో కలిశాయి.

ఇక అసలు సంగతి. మొదటి సెషన్ రికార్డులో ఐదో ల్యాప్‌కి పై హోస్ 117 డిగ్రీల సెల్సియస్, కింది హోస్ 110. చూడాల్సింది ఈ అంకెలకంటే రెండు గీతలూ కదిలిన తీరు. పంపు తోయకపోయినా, దారిలో అడ్డం ఉన్నా రెండింటి మధ్య తేడా పెరుగుతూ పోవాలి. ఎందుకంటే నెమ్మదిగా పారే కూలెంట్ రేడియేటర్‌లో ఎక్కువసేపు ఉండి బాగా చల్లబడి వస్తుంది. నా బండిలో తేడా ఏడు డిగ్రీల దగ్గరే ఉండి, రెండూ జంటగా పైకి పోయాయి. అంటే కూలెంట్ తిరుగుతోంది, దాన్నుంచి వేడి లాక్కునే గాలే చాలడం లేదు.

కారు కిందికి దూరి చూస్తే ఇంజిన్ అడుగున ఉండాల్సిన ప్లాస్టిక్ ట్రే లేదు. ఎప్పుడో ఆయిల్ మార్చినప్పుడు విప్పి మళ్ళీ పెట్టలేదు. ఎవరు విప్పారో అడగొద్దు, ఆ ఆయిల్ మార్చింది నేనే. ట్రే లేకపోతే గాలి కిందినుంచి బానెట్ లోపలికి తోసుకొచ్చి, రేడియేటర్ వెనక ఒత్తిడి పెంచి, ముందునుంచి వచ్చే గాలికి అడ్డుపడుతుంది. పైగా కొత్త రేడియేటర్ చుట్టూ వేలు పట్టేంత సందులు. గాలి సులువైన దారి చూసుకుని పక్కల్నించి జారుకుంటోంది. ట్రే బిగించి, సందుల్లో ఫోమ్ కుక్కాను. తర్వాతి సెషన్‌లో పై హోస్ 102 దగ్గర ఆగింది, కింది హోస్ 94. ఫోమ్ ముక్కలు చేసిన పని రేడియేటర్ చేయలేదని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది.

థర్మోస్టాట్, అంటే కూలెంట్ వేడెక్కాక రేడియేటర్‌కి దారి తెరిచే వాల్వు, తీసేయమని నాకు చాలామంది చెప్పారు. అది పూర్తిగా తెరుచుకున్నాక ఇక దాని చేతిలో ఏమీ ఉండదు. 117 దగ్గర దాని మీద నిందేస్తే లాభం లేదు. సరిగ్గా తెరుచుకుంటోందో లేదో వేడినీళ్ళ గిన్నెలో వేసి చూస్తే తెలుస్తుంది. రేడియేటర్ మూతని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. సగం నీళ్ళు, సగం గ్లైకాల్ కలిపిన కూలెంట్ మామూలుగా 107 ప్రాంతంలో మరుగుతుంది, మూత ఒక బార్ ఒత్తిడి నిలబెడితే దాదాపు 129 దాకా ఆగుతుంది. మూత స్ప్రింగ్ బలహీనపడితే ఆ ఇరవై డిగ్రీలూ గోవిందా.

రెండో ఏడాది ఇదే సెట్టు ఒక స్నేహితుడి కారుకి పెట్టాం. ఇంజిన్ 6000 ఆర్‌పీఎం (నిమిషానికి 6000 చుట్లు) దాటగానే తేడా ఎనిమిది నుంచి పద్దెనిమిదికి ఎగబాకేది, వేగం తగ్గిస్తే సర్దుకునేది. తీరా చూస్తే మెత్తబడిన కింది హోస్ పంపు లాగుడుకి నొక్కుకుపోతోంది, అలా కాకుండా లోపల ఉండాల్సిన స్ప్రింగ్ లేదు. ఆగి ఉన్న బండిలో ఎంత వెతికినా ఇది దొరికేది కాదు.

ఈ సెన్సర్లతో తేలనివీ ఉన్నాయి. కూలెంట్‌లోకి సిలిండర్ గ్యాస్ వస్తోందా అంటే నీలం ద్రవం పసుపుగా మారే ఆ టెస్టే చేయాలి. ఆయిల్ వేడికి వేరే సెన్సర్ కావాలి, అది నేనింకా పెట్టలేదు.

నాలుగేళ్ళలో పాడైంది ఒక్క కనెక్టర్. ఎగ్జాస్ట్ పక్కనుంచి పోయే వైరు పైతొడుగు గట్టిపడి చిట్లింది, వేడి తట్టుకునే స్లీవ్ వేశాను. స్క్రీన్ ఎండలో అస్సలు కనబడదు, అందుకని పిట్‌కి వచ్చాకే రికార్డు చూసుకుంటాను. అలారం ఉంది కానీ హెల్మెట్‌లో వినిపించదు. 110కి వెలిగేలా ఒక ఎర్ర బల్బు కలిపాను. ఈ ఏడాది ఒక్కసారే వెలిగింది, కింద ట్రే క్లిప్పులు రెండు ఊడిన రోజు.