చిన్న కాలేజీ పిల్లలకు ఎన్‌పీటెల్ పైథాన్ కోర్సు ఎట్లుంది?

కర్నూలులో నేను బీఎస్సీ కంప్యూటర్స్ చదివిన కాలేజీ పేరు ఊళ్ళోవాళ్ళకే సరిగా తెలియదు. రెండంతస్తుల అద్దె భవనం. ల్యాబ్‌లో వరుసగా సిస్టమ్స్ ఉంటాయి, ఆన్ అయ్యేవి సగమే. మా సార్ మంచాయన, కానీ సీ, జావా, డీబీఎంఎస్ (డేటాబేస్‌ల పాఠం), నెట్‌వర్క్స్ అన్నీ ఆయనొక్కరే చెప్పాలి. జగన్నాథగట్టు మీద ట్రిపుల్ ఐటీడీఎం అనే కేంద్ర ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. అక్కడ సీటొచ్చినవాళ్ళకు ఈ రివ్యూ అక్కర్లేదు. మా లాంటి కాలేజీల్లో చదివేవాళ్ళ కోసం రాస్తున్నా.

ఎన్‌పీటెల్ అంటే ఆన్‌లైన్‌లో వీడియో పాఠాలు, కోర్సులు ఇచ్చే వేదిక. దాన్ని ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టినాయి. నేను చేసింది అందులో ‘ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్ అండ్ అల్గారిథమ్స్ యూజింగ్ పైథాన్’ అనే కోర్సు. ఎనిమిది వారాలు. చెప్పేది చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్.

మొదటి వారమే ఆయన గసాభా దగ్గర కూర్చోబెడతారు. ముందు రెండు సంఖ్యల కారణాంకాలన్నీ రాసి, ఉమ్మడివి ఏరి, అందులో పెద్దది తీసుకోవడం. అంత జాబితా ఎందుకు, చిన్న సంఖ్య నుంచి కిందికి దిగుతూ రెండింటినీ భాగించేది తగిలినచోట ఆగితే పోదా అని రెండో దారి. ఆఖరికి యూక్లిడ్ పద్ధతి: పెద్దదాన్ని చిన్నదానితో భాగించి, శేషం పట్టుకొని ముందుకు పోవడం. జవాబు మూడు దారుల్లోనూ ఒకటే, పడే శ్రమలోనే తేడా. బడిలో చేసిన లెక్కలోనే అల్గారిథమ్ ఉందని నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే.

ఈ కోర్సు విలువ తెలియాలంటే మా ల్యాబ్ రికార్డు గురించి చెప్పాలి. అందులో సార్టింగ్, అంటే అంకెలను చిన్నా పెద్దా వరుసలో పేర్చే ప్రోగ్రాములన్నీ ఉండేవి. ఇన్‌పుట్ ఎప్పుడూ ఐదు అంకెలే. సీనియర్ల రికార్డు ముందు పెట్టుకొని దించి, సంతకం చేయించుకొని, ఎక్స్‌టర్నల్‌కు చూపించేది. ఐదు అంకెలను ఏ సార్ట్ అయినా రెప్పపాటులో పేర్చేస్తుంది. మరి ఇన్ని రకాల సార్ట్‌లు ఎందుకు? క్లాసులో ఎవరమూ అడగలేదు, అడిగే సందర్భమే రాలేదు. ముకుంద్ గారు ఒక మోటు లెక్క చేతిలో పెడతారు: పైథాన్ సెకనుకు సుమారు కోటి పనులు చేస్తుందనుకోండి అని. ఇప్పుడు ఐదు అంకెలు తీసేసి 10 లక్షల సంఖ్యలు పెట్టి చూడండి. సెలక్షన్ సార్ట్‌కు దాదాపు 50 వేల కోట్ల పోలికలు కావాలి, అంటే 50 వేల సెకన్లు, సుమారు 14 గంటలు. మెర్జ్ సార్ట్‌కు 2 కోట్ల దగ్గర తేలిపోతుంది, రెండు సెకన్లు. ఈ ఒక్క లెక్క మా మూడేళ్ళ రికార్డుల్లో ఎక్కడా లేదు. చిన్న కాలేజీలో నిజంగా కరువైంది కంప్యూటర్లు కాదు, ఇట్లాంటి ప్రశ్న వేసేవాళ్ళు.

రెండో బలం అసైన్‌మెంట్లు. ప్రోగ్రామ్ రాసి పెడితే దాన్ని పరీక్షించే ఇన్‌పుట్లు, అంటే టెస్ట్ కేసులు కొన్ని మనకు కనిపిస్తాయి, కొన్ని దాచిపెడతారు. గడువు దాటినాకే ఆ దాచినవాటి ఫలితం బయటపడుతుంది. ఖాళీ లిస్టు ఇస్తే ఏమవుతుంది, అన్నీ ఒకే సంఖ్యలైతే, మైనస్ సంఖ్యలొస్తే? ఇవన్నీ ముందే మనమే ఊహించుకోవాలి. రికార్డులో ‘అవుట్‌పుట్ వచ్చింది’ అంటే పని అయిపోయినట్టు. ఇక్కడ పని మొదలయ్యేదే అప్పుడు.

మా కాలేజీ జూనియర్ పాప ఒకామె ఫోన్ చేసి, “అక్కా, ఆన్సర్లు యాడైనా దొరుకుతాయంట కదా, అవి పెడితే సరిపోదా?” అని అడిగింది. దొరుకుతాయి. పెడితే మార్కులూ పడతాయి. కానీ అట్లయితే ఈ కోర్సు చేయొద్దమ్మా, ఆ టైములో నిద్రపో అని చెప్పినా. కోపంతో కాదు, ఆ పిల్లకు తెలివుంది కాబట్టి చెప్పినా.

పాఠం ఇంగ్లీషులోనే ఉంటుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు భయపడొద్దు, ఆయన మాట నిదానంగా, తేటగా ఉంటుంది. ట్రాన్స్‌క్రిప్ట్ పీడీఎఫ్ పక్కన పెట్టుకోండి. వీడియోలు కాలేజీ వైఫైలోనో ఇంకెక్కడైనానో దించుకుంటే రోజు డేటా మిగులుతుంది. ఆరో వారం ఎనిమిది రాణుల సమస్య వస్తుంది: చదరంగం బల్ల మీద ఒకదాన్నొకటి కొట్టుకోకుండా ఎనిమిది రాణులను పెట్టడం. దానికి 92 జవాబులున్నాయి. ముందు అడ్డం నాలుగు, నిలువు నాలుగు గళ్ళ బల్ల గీసి నాలుగు రాణులతో పెన్సిల్‌తో చేయండి, దానికి రెండే జవాబులు. కోడుమూరు బస్సులో ఒళ్ళో నోట్‌బుక్ పెట్టుకొని నేను అట్లే చేసినా. వెనక్కి వచ్చి ఇంకో దారి పట్టడం అంటే ఏమిటో చేతికే తెలిసిపోతుంది.

చేరడం, పాఠాలు, అసైన్‌మెంట్లు అన్నీ ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే సెంటర్‌కు పోయి పరీక్ష రాయాలి, నేను రాసినప్పుడు ఫీజు వెయ్యి రూపాయలు. సర్టిఫికెట్ మీద 60 మార్కులొస్తే ఎలైట్, 75కు సిల్వర్, 90కి గోల్డ్ అని పడుతుంది. అమీర్‌పేటకు పోయి హాస్టల్ కట్టి, కోర్సు ఫీజు కట్టే ఖర్చుతో దీన్ని పోల్చే పనే లేదు. అయితే ఇందులో వెబ్‌సైట్లు చేయడం రాదు, ఉద్యోగం చూపిస్తామనే మాట ఉండదు. పునాది మాత్రం పడుతుంది, అది గట్టిగా పడుతుంది.

యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులను స్వయం (ఎన్‌పీటెల్ కోర్సులు నడిచే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్) ద్వారా చేసి క్రెడిట్లు తీసుకోవచ్చు. మీ కాలేజీ ఒప్పుకుంటుందో లేదో చేరకముందే ప్రిన్సిపాల్‌ను అడగండి. బ్యాచ్‌లు జనవరిలో, జులైలో మొదలవుతాయి. వీలైతే బెంచ్‌మేట్‌తో కలిసి చేరండి, మూడో వారం రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) దగ్గర తోడు కావాలి. ఇది అయినాక డీబీఎంఎస్‌కు ఐఐటీ ఖరగ్‌పూర్ తరఫున పార్థప్రతిమ్ దాస్ గారు చెప్పిన కోర్సుంది, అదీ ఎనిమిది వారాలే. రెండూ ఒకే సెమిస్టర్‌లో పెట్టుకోవద్దు, గడువులు మీద మీద పడతాయి.