పురిటి నొప్పుల్లో పడుకోవాలా, నడవాలా: ఏది మేలు?

నెల్లూరు, గూడూరు వైపు నుంచి కాన్పుకి చెన్నై వచ్చే కుటుంబాలు ముందు అడిగేది డాక్టరుగారి పేరు, తర్వాత ప్యాకేజీ ఎంతని. నొప్పులు మొదలయ్యాక పిల్లని మంచం దిగనిస్తారా లేదా అని అడిగేవాళ్లు అరుదు. లేబర్ రూమ్ సిస్టర్లం మాత్రం టీ టైములో ఎక్కువగా వాదించుకునేది దీని గురించే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తమిళనాడు కాన్పుల్లో 44.9 శాతం సిజేరియన్లే. ప్రైవేటులో 63.8 శాతం. ఇందుకు కారణాలు బోలెడు, ముహూర్తాలతో సహా. వాటిలో చాలావరకు నర్సుల చేతిలో ఉండవు. నొప్పులు పడే ఆ గంటలు ఎలా గడవాలన్నది కొంతైనా మా చేతిలో ఉంటుంది.

పడుకోబెట్టడం ఊరికే వచ్చిన అలవాటు కాదు. ఒక్క సిస్టరు ముగ్గురు నలుగురిని చూసుకోవాల్సిన రాత్రి, అందరూ ఎవరి మంచం మీద వాళ్లు ఉంటే కాస్త ఊపిరి ఆడుతుంది. బెల్టు కట్టేస్తే బిడ్డ గుండె చప్పుడు కాగితం మీద దానంతటదే పడుతుంది. డాక్టరు వచ్చి చూడ్డానికీ అదే వీలు. అత్తగారికీ అదే ధైర్యం. "కాస్త పడుకోబెట్టమ్మా సిస్టర్, ఎక్కడైనా తూలి పడుతుందేమో" అంటారు. "పక్కనే ఉన్నాను కదా పెద్దమ్మా" అన్నా ఆవిడ టెన్షన్ తగ్గదు.

చిక్కల్లా వెల్లకిలా పడుకోవడంతోనే. నిండు గర్భం బరువు వెన్ను పక్కనుండే పెద్ద రక్తనాళాల మీద పడుతుంది. తల్లికి బీపీ తగ్గొచ్చు, బిడ్డకి వెళ్లే రక్తమూ తగ్గొచ్చు. ఇక అక్కణ్నుంచి ఒకదాని వెంట ఒకటి. నొప్పులు నెమ్మదించాయని నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ మందు కలిపిన సెలైన్ పెడతారు. అది పెట్టాక బెల్టు తీయడానికి లేదు. బెల్టు ఉంటే మంచం దిగడం కష్టం. నొప్పులు ఒక్కసారిగా ముదురుతాయి, పిల్ల "నా వల్ల కాదక్కా, ఆపరేషన్ చేసేయమనండి" అని ఏడుస్తుంది. ఆ మాట అనిపించింది సగం ఆ మంచమేనని సీనియర్ సిస్టర్లు అంటారు. నాకూ అలాగే అనిపిస్తుంది.

లేచి తిరిగితే ఏమవుతుంది? మొదటి దశలో, అంటే గర్భసంచి మూతి పూర్తిగా తెరుచుకునేదాకా, నిలబడి, నడిచి, కూర్చుని గడిపినవాళ్లకి ఆ దశ సగటున గంటా ఇరవై నిమిషాలు తగ్గిందని 2013 నాటి కోక్రేన్ సమీక్ష (ఎన్నో పరిశోధనల ఫలితాల్ని కలిపి చూసేది) తేల్చింది. సిజేరియన్లు, ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు) అవసరమూ తగ్గాయి. నేను చూసేది ఇంకొకటి: నొప్పి రాగానే పిల్ల మంచం రైలింగు పట్టుకుని ముందుకి వంగుతుంది, వాళ్లమ్మ నడుం కింద అరచేత్తో గట్టిగా నొక్కుతుంది, నొప్పి దిగగానే రెండు గుటకలు నీళ్లు తాగి మళ్లీ అడుగులేస్తుంది. ఎవరూ నేర్పక్కర్లేదు. మా పని మధ్యమధ్య డాప్లర్ అనే చేతి పరికరం పొట్ట మీద పెట్టి బిడ్డ గుండె చప్పుడు వినడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సూచనల ప్రకారం రిస్క్ లేని తల్లికి మొదటి దశలో 15-30 నిమిషాలకోసారి, ముక్కే దశలో 5 నిమిషాలకోసారి వింటే చాలు. గర్భసంచి మూతి గంటకో సెంటీమీటరు తెరుచుకోవాల్సిందేనని గడియారం పట్టుకుని తొందరపడొద్దనీ ఆ సూచనలే చెప్పాయి. కాకపోతే ఇలా వినాలంటే మనిషి కావాలి. బెల్టు చేసే పని మేం నేలమీద మోకాళ్లేసి చేయాలి. డ్యూటీ దిగేసరికి నడుం పడిపోతుంది. యాజమాన్యాలు లెక్కలో వేసుకోనిది ఇదే.

అందరినీ నడిపించాలనీ అనను. బీపీ బాగా ఎక్కువున్నా, ఉమ్మనీరు ఆకుపచ్చగా పోతున్నా, అంతకుముందు సిజేరియన్ అయినా నిఘా ఆగకూడదు. అక్కడ బెల్టు ఉండాల్సిందే. అలాంటప్పుడు కూడా వెల్లకిలా కాకుండా ఒత్తిగిలి పడుకోవచ్చు, మంచం పక్కనే కుర్చీలోనూ కూర్చోవచ్చు.

బిడ్డ బయటికొచ్చే దశలో లెక్క అంత తేలిక కాదు. గొంతుకూర్చుంటే, మోకాళ్ల మీద వంగితే కటి దగ్గర చోటు పెరుగుతుంది. కింద పెట్టే కోతలు, పరికరాలు పెట్టి లాగడం తగ్గుతాయి, కానీ రక్తం కాస్త ఎక్కువ పోవచ్చు. రక్తహీనత ఉన్న గర్భిణులు మన దగ్గర ఎక్కువ కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఎపిడ్యూరల్ తీసుకున్నవాళ్ల సంగతి మళ్లీ వేరు. 2017లో వెలువడిన బ్రిటన్ ట్రయల్‌లో ఒత్తిగిలి పడుకున్నవాళ్లలో 41.1 శాతానికి పరికరాలు, సిజేరియన్ లేకుండా మామూలు కాన్పయింది, నిటారుగా ఉన్నవాళ్లలో 35.2 శాతానికే. ఇది చదివి మాలో నడక పిచ్చి ఉన్నవాళ్లం కాస్త వెనక్కి తగ్గాం.

నా ఓటు ఇదీ: రిస్క్ లేకపోతే ముక్కే దశ వచ్చేదాకా నడక, ఆ తర్వాత పిల్లకి ఎలా వీలైతే అలా, ఎపిడ్యూరల్ ఉంటే ఒత్తిగిలి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకి కట్టడం ఆఖరి మాట. నర్సులకి 18 నెలల మిడ్‌వైఫరీ (కాన్పు చేసే) శిక్షణ ఇచ్చి, ఆసుపత్రి లోపలే వాళ్లు నడిపే కాన్పు గదులు పెట్టాలని కేంద్రం 2018లోనే మార్గదర్శకాలిచ్చింది. అలాంటి గది, పక్కనే ఆపరేషన్ థియేటర్ ఉన్నచోటు దొరికితే ఇంకేం ఆలోచించక్కర్లేదు.

దొరక్కపోతే, తొమ్మిదో నెలలో చెకప్‌కి వెళ్లినప్పుడు లేబర్ రూమ్ సిస్టర్‌ని రెండే అడగండి: రాత్రిపూట ఒక్కొక్కరు ఎంతమందిని చూస్తారు, లోపలికి అమ్మనో భర్తనో రానిస్తారా అని. డాక్టరుగారు నడవమన్నా, పక్కన మనిషి లేకపోతే ఏ సిస్టరూ పిల్లని మంచం దింపదు.