జాగ్రత్త: ఎడమ పక్క నాబ్ ఉన్నంత మాత్రాన అది సైడ్ ఫోకస్ కాదు

కోపం ఇంకా దిగలేదు, రాతలో ముందు వెనకలు అయితే సర్దుకుని చదవండి. నాకు ఈ స్కోప్ (రైఫిల్ మీద బిగించి గురి చూసే దుర్భిణి) అమ్మినవాడి పేరు రాయను. మీలో సగం మందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. రోజుకో ప్రకటన పెట్టి, ప్రతి ఫొటో మీదా ఎర్ర బాణం గుర్తులు వేసి, కింద "ఎంత దగ్గరైనా ఎంత దూరమైనా అద్దంలా కనిపిస్తుంది" అని రాస్తాడే, ఆయనే.

నాది స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్లు, కాగితం టార్గెట్లు, ఎక్కువగా 10 మీటర్లు, వీలున్నప్పుడు 25. ఓపెన్ సైట్ల మీద, అంటే గొట్టం మీది గురి గుర్తుల మీద, కళ్ళు నిలవడం లేదని స్కోప్‌కి మారదామనుకున్నాను. నెల రోజులు చదివాను. రెటికిల్ (స్కోపు లోపల కనిపించే గురి గీతలు) మొదటి ఫోకల్ ప్లేన్‌లో ఉండాలా రెండో దాంట్లోనా, గురి సర్దే క్లిక్కు పావు ఎంఓఏనా 0.1 మిల్లా (రెండూ కోణం కొలతలే), ట్యూబు 25.4 మిల్లీమీటర్లదా 30దా, నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. స్ప్రింగ్ రైఫిల్ ఒకసారి వెనక్కి తన్ని వెంటనే ముందుకీ తంతుందని, ఆ రెండో తన్నుకి మామూలు స్కోపుల్లో లెన్సులు, రెటికిల్ వదులైపోతాయని తెలుసుకుని, అది కూడా అడిగి మరీ కొన్నాను. ఇంత పండితుణ్ణీ చివరికి ఒక్క ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చూడలేదు.

పారలాక్స్ గురించి, అంటే కన్ను కొంచెం జరిగితే గురి కూడా జరిగిపోయే తప్పు గురించి, అడగలేదా అంటారేమో. మొట్టమొదటి ప్రశ్నే అది. పెద్ద రైఫిళ్ళ కోసం చేసే మామూలు స్కోపుల్లో పారలాక్స్‌ని సాధారణంగా 100 గజాల దగ్గర లేకుండా కుదిర్చి సీలు చేసేస్తారు. .22 రైఫిళ్ళ కోసం చేసేవైతే 50 గజాల చుట్టుపక్కల. 10 మీటర్లలో కొట్టుకునే నాలాంటి వాడికి రెండూ దండగే. టార్గెట్ దూరానికి తగ్గట్టు పారలాక్స్ సర్దుకోవడానికి ముందు లెన్సు చుట్టూ రింగు తిరిగే ఏఓ రకమో, టరెట్ల (గురి సర్దే గుండీల) పక్కన ఎడమవైపు నాబ్ ఉండే సైడ్ ఫోకస్ రకమో కావాలి. అందుకే చాట్‌లో సూటిగా అడిగాను: "ఇందులో పారలాక్స్ అడ్జస్ట్ అవుతుందా? 10 మీటర్లకి వస్తుందా?"

అర నిమిషంలో జవాబు. "వస్తుంది సార్. ఎడమ పక్క నాబ్ అదే సార్. సైడ్ ఫోకస్ సార్." వెనకే నాబ్ మీద ఎర్ర బాణం వేసిన ఫొటో. ఒక్క జవాబులో మూడు సార్లు సార్ అన్నాడు. అంత మర్యాదకి పడిపోయాను.

3-9×40 స్కోప్ (3 నుంచి 9 రెట్లు పెద్దది చేసి చూపేది, ముందు లెన్సు 40 మిల్లీమీటర్లు) వచ్చింది, బిగించాను. 3 రెట్ల దగ్గర ఏదో కనిపించింది. 9కి పెట్టగానే టార్గెట్ మంచులో మునిగిపోయింది. సైడ్ ఫోకస్ ఉందిగా, దిగులేం లేదు అనుకుని నాబ్ తిప్పాను. మారలేదు. ఇటు తిప్పాను. మారలేదు. నాబ్ మీద 1 నుంచి 5 దాకా అంకెలున్నాయి. 1 అంటే 10 గజాలు కాబోలు, 5 అంటే 50 కాబోలు అని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. డబ్బు కట్టేశాక బుర్ర కూడా అమ్మినవాడి తరఫునే వాదిస్తుంది. మూడు రోజులు సాయంత్రం పూట కూర్చుని, ఒక్కో అంకె దగ్గర ఐదేసి పెల్లెట్లు కొట్టి, ఏ అంకెకి గ్రూపు (పడ్డ రంధ్రాల గుంపు) దగ్గరపడుతోందో నోటు పుస్తకంలో రాసుకున్నాను. 3 దగ్గర బాగా వస్తోందని కూడా రాసి కింద గీత గీసుకున్నాను. నవ్వండి, ఫర్వాలేదు.

మూడో రోజు వెలుతురు తగ్గుతుండగా నాబ్ చివర ఒక సన్నటి గాడి కంటబడింది. నాణెం అంచు పెట్టి తిప్పితే మూత ఊడొచ్చింది. లోపల బిళ్ళ బ్యాటరీ. దాని కింద కంపెనీ వాళ్ళు పెట్టిన ప్లాస్టిక్ ముక్క అలాగే ఉంది. అది లాగేసి, మూత బిగించి, కన్ను పెట్టి చూద్దును కదా, క్రాస్‌హెయిర్ (గురి గీతల కూడలి) నడిమధ్య ఎర్ర లైటు! 1 అంటే మసక, 5 అంటే జిగేలుమంటోంది. మూడు రోజులుగా ఫోకస్ అనుకుని నేను తిప్పింది లైటు స్విచ్చి. అది కూడా కరెంటు రాని లైటు స్విచ్చి.

అప్పుడు చేశాను, మొదటి రోజే చేయాల్సిన పరీక్ష. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, రెండు ఇసుక సంచుల మధ్య కదలకుండా ఇరికించి, క్రాస్‌హెయిర్‌ని 10 మీటర్ల టార్గెట్ నడిబొడ్డుకి తెచ్చి చేతులు తీసేశాను. రైఫిల్‌ని ముట్టుకోకుండా తల ఒక్కటే మెల్లగా కుడికి జరిపాను. క్రాస్‌హెయిర్ కుడికి వచ్చింది. ఎడమకి జరిపితే ఎడమకి వచ్చింది. పెంపుడు కుక్కలాగా తల ఎటు పోతే అటు. టార్గెట్ బొమ్మ, రెటికిల్ స్కోపు లోపల ఒకే తలంలో పడనప్పుడు జరిగేది ఇదే. రైఫిల్ రాయిలా ఉన్నా కన్ను కదిలితే గురి కదులుతుంది.

లెక్క కూడా కట్టాను, కోపంలో లెక్కలు బాగా వస్తాయి నాకు. ముందు లెన్సు వ్యాసంలో సగం తీసుకోండి, నాకు 20 మిల్లీమీటర్లు. స్కోపు కుదిర్చిన దూరానికీ టార్గెట్ దూరానికీ ఉన్న తేడాని ఆ కుదిర్చిన దూరంతో భాగించి, వచ్చినదాంతో ఆ 20ని గుణించండి. మామూలు స్కోపుల్లాగే ఇదీ 100 గజాలకే కుదిర్చిందనుకుంటే, 100 గజాలంటే 91.4 మీటర్లు కాబట్టి, 10 మీటర్ల దగ్గర దాదాపు 18 మిల్లీమీటర్లు వస్తుంది. కన్ను పూర్తిగా అంచుకి జరిగితే గురి అంతదూరం తప్పొచ్చు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో నలుపు మొత్తం వ్యాసమే 30.5 మిల్లీమీటర్లు, పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. అంటే చుక్క మీద పెట్టిన గురి నలుపు దాటి తెల్ల కాగితం మీదికి పోవచ్చు. ఇసుక సంచుల మధ్య నేను చూసింది కూడా అదే. ఇదే దూరంలో పావు ఎంఓఏ క్లిక్కు ఒకటి కదిపేది 0.7 మిల్లీమీటర్లు, కొంచెం పైన. నేనేమో మూడు రోజులు నాలుగు క్లిక్కులు ఇటు, ఆరు క్లిక్కులు అటు!

ఇప్పటిదాకా చెప్పినదానికి నాకు అంత కోపం లేదు, నిజం. వేరే స్కోపు పొరపాటున పంపాడేమో, మార్చి ఇస్తాడులే అనుకునే ఫోన్ చేశాను. గొంతు కూడా పెంచలేదు.

"ఐపీస్ దగ్గర రింగు ఉంటుంది, అది తిప్పండి సార్. అదే పారలాక్స్."

అది కాదండీ, అది మన కంటికి రెటికిల్ గీతలు స్పష్టంగా కనపడటానికి, ఖాళీ గోడ వైపు చూసి ఒకసారి కుదుర్చుకుంటే దాని పని అయిపోతుంది, దానికీ టార్గెట్ దూరానికీ సంబంధం లేదు అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"ఎన్నాళ్ళ నుంచి షూటింగ్ చేస్తున్నారు మీరు?" సార్ పోయింది, గమనించండి.

రెండేళ్ళు అన్నాను.

"అదీ సంగతి. చెంప సరిగ్గా ఆనట్లేదు మీకు. ప్రతిసారీ ఒకేచోట ఆనిస్తే పారలాక్స్ గీరలాక్స్ ఏం ఉండదు."

"ఉండొచ్చండీ. నేనడిగేది అది కాదు. ఈ నాబ్ సైడ్ ఫోకస్ అన్నారు. ఇది లైటు. మీ మెసేజ్ నా దగ్గరే ఉంది, చదవమంటారా?"

"చూడు బాబూ," అన్నాడు. మీరు కూడా పోయింది. "ఇంతమంది కొన్నారు, ఒక్కడూ ఇలా పేచీ పెట్టలేదు. ఆడలేక మద్దెల ఓడంటే ఎలా?"

వెనక ఎవరో నవ్వారు. ఫోన్ స్పీకర్లో పెట్టి నలుగురిలో మాట్లాడుతున్నాడని అప్పుడు తెలిసింది. ఆ నవ్వు చెవిలోంచి పోవట్లేదు. డబ్బు పోయింది, పోనీ. పెల్లెట్లు పోయాయి, పోనీ. నాలుగు రోజుల కింద వాక్యానికో సార్ పెట్టిన మనిషి, వాడు చెప్పిన అబద్ధం వాడికే చూపించేసరికి నాకు షూటింగ్ రాదని సామెత చెప్పి నవ్వించుకున్నాడు. నేను ఏమన్నానో తెలుసా? ఏమీ అనలేదు. "సరేనండీ" అని పెట్టేశాను. అండీ ఒకటి మళ్ళీ! తర్వాత అరగంటకి స్నానం చేస్తుంటే తట్టింది, మద్దెల నిజంగానే ఓడు కదయ్యా, తెచ్చి చూపించమంటావా అనాల్సింది.

ఇంకా మంట ఎక్కడంటే, చెంప గురించి వాడన్నది సగం నిజం. కన్ను సరిగ్గా స్కోపు మధ్య గీత మీదే ఉంటే పారలాక్స్ తప్పు రాదు. నా చెంప ఆనే తీరు గొప్పగా ఏం లేదు, ఆ స్కోపు ఎత్తుకి తల కొంచెం పైకెత్తి చూస్తున్నాను, అదీ ఒప్పుకుంటాను. కానీ మనిషి అన్నాక కన్ను రెండు మిల్లీమీటర్లైనా జరుగుతుందనేగా ఆ నాబ్ కనిపెట్టింది. పైగా చెంప ఎంత బాగా ఆనించినా 9 రెట్ల దగ్గర ఆ మసక పోదు. అన్నీ నేనే సరిగ్గా చేసుకుంటే ఇక నాబ్ ఎందుకు అమ్మావు?

వాపసు సంగతి ఒక్క ముక్కలో: ట్యూబు మీద రైఫిల్‌కి బిగించే రింగుల గీతలు పడ్డాయి కాబట్టి "వాడిన సరుకు", తీసుకోడు. మెసేజ్ సంగతి ఎత్తితే టైపింగ్ మిస్టేక్ అట. బాణం గుర్తుకి కూడా టైపింగ్ మిస్టేక్ ఉంటుందేమో తెలీదు నాకు.

ఫోన్ పెట్టేశాక పెట్టె తిరగేసి చూశాను. అడుగున, బార్‌కోడ్ పక్కన, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: 100 గజాల దగ్గర పారలాక్స్ ఫ్రీ. ఫ్రీయే మరి, స్కోప్ కొంటే పారలాక్స్ ఫ్రీగా ఇచ్చాడు. అది నేను బిగించకముందు చదివి ఉంటే గీతలు పడేవి కావు, వాడికి ఆ సాకూ దొరికేది కాదు. పెట్టె అడుగు చూడాలని ఎవరు చెప్పాలి నాకు?

స్కోపు చెడ్డదని కాదు నేను చెప్పేది. 100 గజాల దగ్గర కొట్టేవాడికి అది చక్కగా పనిచేస్తుంది, 50 మీటర్ల దగ్గర కూడా తప్పు ఎంత ఎక్కువైనా 9 మిల్లీమీటర్లే. ఇంతమందిలో ఒక్కడూ పేచీ పెట్టకపోవడానికి కారణం అదే అయ్యుంటుంది. దగ్గర దూరాల వాడికి అంటగట్టడమే మోసం.

ప్రస్తుతానికి నల్ల అట్టముక్క గుండ్రంగా కత్తిరించి, మధ్యలో 20 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, ముందు లెన్సుకి మూతలా తొడిగాను. లెన్సు సగమైతే తప్పూ సగమవుతుంది, మసక కూడా కొంచెం తగ్గింది. వెలుతురు కూడా తగ్గిందనుకోండి. ముందు లెన్సు పట్టుకునే రింగు వదులు చేసి లెన్సు జరిపితే దగ్గర దూరానికి కుదురుతుందని ఒకరు చెప్పారు. నిజమే, కొన్నిటిలో కుదురుతుంది. కానీ సీలు తెగి లోపలి నైట్రోజన్ పోతే తర్వాత తేమకి లోపలే మంచు పట్టి కూర్చుంటుంది. ఇప్పటికి చేసిన తెలివైన పనులు చాలు నాకు.

కొనేవాళ్ళు నాబ్ మీది అంకెల ఫొటో దగ్గర నుంచి తీసి పంపమనండి. సైడ్ ఫోకస్ అయితే సాధారణంగా దూరాలు, చివర పడుకోబెట్టిన 8 లాంటి అనంతం గుర్తు ఉంటాయి. అతి తక్కువ దూరం ఎంతో అంకెతో రాయించుకోండి, "దగ్గరకి వస్తుంది సార్" అంటే ఒప్పుకోవద్దు. వచ్చాక రింగులు బిగించకముందే స్కోపుని రెండు పుస్తకాల మధ్య ఆనించి, మీరు కొట్టే దూరంలో ఒక కాగితం పెట్టి తల జరిపి చూడండి, ఎండ వైపు మాత్రం తిప్పొద్దు. నిజమైన సైడ్ ఫోకస్ ఉన్నా ఆ అంకెల్ని గుడ్డిగా నమ్మకండి, క్రాస్‌హెయిర్ కదలడం ఆగేదాకా తిప్పండి.

పేరు చెప్పమని మెసేజ్‌లు పెట్టకండి, చెప్పను. ఎడమ పక్క నాబ్ మీద ఎర్ర బాణం ఉన్న ప్రకటన ఇవాళ పొద్దున కూడా ఉంది, ఇందాకే చూశాను. ఈసారి వేళ్ళతో పెద్దది చేసి చూశాను. బ్యాటరీ మూత గాడి చక్కగా కనిపిస్తోంది.