ఎంఐటీ వాళ్ల మిస్సింగ్ సెమిస్టర్: ఐదేళ్లకు పైగా వాడాక రాస్తున్నది

కోర్సు అయిపోయిన వారంలో ఉత్సాహం మీద రాసే రివ్యూలంటే నాకు పెద్దగా నమ్మకం లేదు. అందుకే ఇన్నాళ్లు ఆగాను. 2020 లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని, ప్రోగ్రామర్లు రోజూ వాడే పనిముట్లు నేర్పే ఈ ఎంఐటీ (అమెరికా యూనివర్సిటీ) కోర్సు మొదలుపెట్టేసరికి నాకు జావా ప్రోగ్రామింగ్‌లో ఆరేళ్ల అనుభవం. అనుభవం అని రెజ్యూమెలో రాసుకోవడమే తప్ప, గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) కాన్‌ఫ్లిక్ట్ వస్తే, అంటే ఒకే చోట ఇద్దరి మార్పులు ఢీకొంటే, ఫోల్డర్ మొత్తం డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసుకుని, రెపో (ప్రాజెక్టు కోడంతా ఉండే చోటు) కొత్తగా క్లోన్ చేసి, మార్చిన ఫైళ్లు ఒక్కొక్కటే తెచ్చి అతికించే బాపతు నేను. మీలోనూ కొందరు ఇదే చేస్తున్నారని నాకు తెలుసు.

నా చదువు ఎక్కడ మొదలైందో చెబితే తేడా అర్థమవుతుంది. 2014లో అమీర్‌పేట, మైత్రీవనం పక్క సందులో కోర్ జావా, పొద్దున్నే ఏడింటికి బ్యాచ్. డెమో క్లాసు ఫ్రీ, ఫీజు రెండున్నర వేలు, హాల్లో రెండొందల మంది, వెనక వరసలో కూర్చుంటే బోర్డు కనపడదు. సార్ చెప్పింది చెప్పినట్టు రాసుకోవడం, మిస్సయితే కింద జిరాక్స్ షాపులో నోట్సు కొనుక్కోవడం. వెటకారం చేయడానికి చెప్పడం లేదు, ఇంటర్‌ఫేస్‌కీ అబ్‌స్ట్రాక్ట్ క్లాసుకీ తేడా ఏమిటని నిద్రలో అడిగినా చెప్పగలిగేంత గట్టిగా నూరిపోశారు, ఉద్యోగం వచ్చింది కూడా ఆ నోట్సుతోనే. కానీ సర్వర్ లాగ్ (సర్వర్‌లో ఏం జరిగిందో రాసి ఉండే ఫైలు) ఎలా చూడాలో, వేరేవాళ్లు రాసిన కోడ్‌లో బగ్ ఎలా పట్టుకోవాలో అక్కడ ఎవరూ చెప్పలేదు. కాలేజీలోనూ చెప్పలేదు. ఆఫీసులో అందరూ మనకు వచ్చే ఉంటుందనుకుంటారు, మనం అడగడానికి సిగ్గుపడతాం.

ఈ కోర్సు పుట్టిందే ఆ ఖాళీ పూడ్చడానికి. 2020 జనవరిలో ఎంఐటీలో చెప్పారు, మొత్తం పదకొండు లెక్చర్లు, ఒక్కోటి దాదాపు గంట, వీడియోలూ నోట్సూ అన్నీ ఉచితం. షెల్ (కమాండ్లు టైపు చేసి కంప్యూటర్‌తో పని చేయించే చోటు), ఎడిటర్, డేటాను కోసి వడకట్టడం, గిట్, డీబగ్గింగ్, సెక్యూరిటీ లాంటివి. మెటాప్రోగ్రామింగ్ అని ఒక లెక్చర్ ఉంది, పేరు చూసి భయపడి నేను ఏడాది దాకా తెరవలేదు, తీరా చూస్తే కోడ్‌ని నడిచే ప్రోగ్రాముగా కట్టే బిల్డ్ సిస్టమ్‌లు, మన కోడ్ ఆధారపడే లైబ్రరీలు (డిపెండెన్సీలు), టెస్టులు, కోడ్ మారినప్పుడల్లా వాటిని దానంతట అదే నడిపే సీఐ గురించి. ఆ పేరు సరిగ్గా కుదరలేదని వాళ్లే ఒప్పుకుంటారు.

ఐదేళ్లలో నాకు ఎక్కువ పనికొచ్చింది డేటా వడకట్టే లెక్చర్. ఒకసారి రాత్రి పదకొండున్నరకు ఫోను, పేమెంట్లు ఫెయిలవుతున్నాయి, లాగ్ ఫైలు రెండు జీబీ. పాత నేనైతే దాన్ని ల్యాప్‌టాప్‌కి దించుకుని నోట్‌ప్యాడ్‌లో తెరవబోయి, అది బిగుసుకుపోతే టెన్షన్ పడుతూ కూర్చునేవాణ్ణి. ఆ రోజు సర్వర్‌లోనే గ్రెప్ అనే కమాండ్‌తో ఎర్రర్ లైన్లు తీసి, ఆక్ అనే ఇంకో కమాండ్‌తో కావలసిన కాలమ్ మాత్రం పట్టుకుని, సార్ట్ చేసి, యూనిక్ కమాండ్‌కి సి ఆప్షన్ ఇచ్చి ఒక్కోటి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టించి, మళ్లీ ఎక్కువ నుంచి తక్కువకు సార్ట్ చేస్తే ఎనభై శాతం ఎర్రర్లు ఒకే మెషీన్ నుంచి వస్తున్నాయని రెండు నిమిషాల్లో తేలింది. ఇక్కడ కొత్తవాళ్లు పడే గుంట ఒకటుంది: యూనిక్ పక్కపక్కనే ఉన్న ఒకేలాంటి లైన్లనే కలుపుతుంది, ముందు సార్ట్ చేయకపోతే లెక్క తప్పుతుంది. నేనూ ఒకసారి తప్పుడు లెక్కతో మేనేజర్‌కి మెయిల్ పెట్టాను.

తర్వాత గిట్. మనకు అందరూ నేర్పేది కమాండ్లు, యాడ్ కొట్టు, కమిట్ కొట్టు, పుష్ కొట్టు అని మంత్రం ఉపదేశించినట్టు. వీళ్లు కమాండ్లు పక్కన పెట్టి, లోపల గిట్ ఏం దాస్తుందో దగ్గర మొదలుపెడతారు. కమిట్ అంటే ఆ క్షణానికి ప్రాజెక్టు మొత్తం ఎలా ఉందో దాని ఫొటో, బ్రాంచ్ అంటే ఒక కమిట్ వైపు చూపించే చీటీ, అంతే. ఇది బుర్రకెక్కాక రీబేస్ (మన కమిట్లను వేరే కమిట్ మీదికి మార్చి పేర్చడం) అంటే భయం పోయింది. రీసెట్ హార్డ్ (బ్రాంచ్‌ని పాత కమిట్‌కి వెనక్కి తిప్పే కమాండ్) కొట్టి రెండు రోజుల పని పోగొట్టుకున్నానని ఒకసారి చెమటలు పట్టాయి, చీటీ జరిగిందే కానీ కమిట్ ఎక్కడికీ పోలేదని తెలుసు కాబట్టి రెఫ్‌లాగ్‌లో (చీటీ ఎప్పుడెప్పుడు ఎక్కడ ఉందో గిట్ రాసుకునే చిట్టా) వెతికి తెచ్చుకున్నాను. సెట్టింగులు మార్చకపోతే అలా ఒంటరిగా మిగిలిన కమిట్లు ముప్పై రోజుల వరకు రెఫ్‌లాగ్‌లో ఉంటాయి. కమిట్ చేయని మార్పులు మాత్రం పోతే పోయినట్టే, అందుకే సాయంత్రం లేచేముందు ఎంత చెత్త కోడైనా నా బ్రాంచ్‌లో కమిట్ చేసి వెళతాను.

గిట్ బైసెక్ట్ (ఏ కమిట్‌తో బగ్ వచ్చిందో వెతికే కమాండ్) గురించి లెక్చర్‌లో ఒక్క ముక్కే చెప్పి వదిలేశారు, నాకైతే అదొక్కటే మొత్తం కోర్సు విలువ చేసింది. పాత రిలీజ్‌లో బాగున్న రిపోర్టు కొత్త రిలీజ్‌లో పాడైంది, మధ్యలో ఆరువందల కమిట్లు, చేసినవాళ్లలో సగం మంది కంపెనీ మారిపోయారు. బైసెక్ట్ సగానికి సగం కోస్తూ పోతుంది, పదిసార్లలో దొంగ కమిట్ దొరికింది. బిల్డ్‌కి ఆరు నిమిషాలు చొప్పున గంట పని. టెస్టు స్క్రిప్టు ఉంటే బైసెక్ట్ రన్ అని ఇచ్చి టీకి వెళ్లిపోవచ్చు.

నచ్చనివీ ఉన్నాయి. ఎడిటర్ లెక్చర్‌లో నేర్పే విమ్ నాకు అబ్బలేదు. రెండుసార్లు మొదలుపెట్టాను, రెండుసార్లూ మూడో వారంలో వదిలేసి నా పాత జావా ఎడిటర్ ఇంటెల్లిజేకి వచ్చేశాను. సర్వర్‌లో ఒక కాన్ఫిగ్ ఫైలు మార్చి బయటపడగలను, అంతవరకు చాలు. ఎక్సర్‌సైజులకు జవాబులు ఇవ్వరు, ఒంటరిగా చేసేవాళ్లకు అది కష్టం. విండోస్ మెషీన్ అయితే ముందు డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపించేది) పెట్టుకోవాలి, మన సర్వీస్ కంపెనీల్లో దానికి ఐటీ టికెట్ పెట్టి ఎన్నాళ్లు ఎదురుచూడాలో మీకే తెలుసు. డేటాబేస్ అసలు లేదు, నా ఉద్యోగంలో సగం తలనొప్పి అదే కదా. దానికి నేను కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ల డేటాబేస్ లెక్చర్లు యూట్యూబ్‌లో చూశాను, అవీ ఉచితమే, కాకపోతే ఇది పండగైతే అవి ఉపవాసం, అంత గట్టిగా ఉంటాయి. సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నా, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ (క్వెరీ ఎలా నడుస్తుందో చూపించే కమాండ్) కొడితే ఆ క్వెరీ నిజంగానే నడుస్తుంది, డిలీట్ క్వెరీకి ముందు దాన్ని పెట్టి కొట్టారంటే డేటా పోతుంది, బిగిన్‌కీ రోల్‌బ్యాక్‌కీ (చేసింది వెనక్కి తీసే కమాండ్) మధ్య పెట్టి నడపండి.

డబ్బులిచ్చి కొన్నవాటి సంగతి. ఒక వీడియో కోర్సుల సైట్‌లో సేల్ పడ్డప్పుడల్లా నాలుగైదు వందలకు ఒకటి చొప్పున పద్నాలుగు కొన్నాను, పూర్తి చేసింది మూడు. జావా వెబ్ అప్లికేషన్లలో లాగిన్, అనుమతులు చూసుకునే స్ప్రింగ్ సెక్యూరిటీ మీద ఒక కోర్సు నలభై గంటలు, కొని ఆరు నెలలు దాచుకున్నాను. ఈలోపు 2022 నవంబర్‌లో స్ప్రింగ్ వాళ్ల కొత్త వెర్షన్ స్ప్రింగ్ బూట్ 3 వచ్చి, కోడ్‌లో జావాఎక్స్ అని మొదలయ్యే ప్యాకేజీల పేర్లు జకార్తా అయిపోయి, ఆ కోర్సు మొత్తం ఏ క్లాసు మీద నిలబడిందో ఆ క్లాసునే తీసేశారు. మొదటి గంటలోనే కోడ్ కంపైల్ కాలేదు. ఇలాంటివి కొనాలంటే ప్రాజెక్టు చేతికి వచ్చిన వారంలో, చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారో చూసి కొనండి, ఊరగాయలా జాడీలో పెట్టుకోవద్దు. 2020లో చూసిన గిట్ లెక్చర్ మాత్రం ఇవాళ్టికీ ఒక్క ముక్క పాతబడలేదు.

ఐఐటీల వాళ్ల ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సు కూడా ఒకటి చేశాను. చూడటం ఉచితం, సెంటర్‌కి వెళ్లి పరీక్ష రాయాలంటే వెయ్యి రూపాయలు కట్టాను. వారం వారం అసైన్‌మెంట్, గడువు. పాఠం కొంచెం కాలేజీ వాసనే కానీ, ఆ గడువు భయానికే పూర్తి చేశాను. నాలాంటి బద్ధకస్తులకు అది మందు.

మిస్సింగ్ సెమిస్టర్ చూడాలనుకుంటే ఒకటి నుంచి పదకొండు వరకు వరసగా చూడకండి, నేనలా చేసి మూడోదైన విమ్ దగ్గర ఆగిపోయాను. మొదటి రెండు షెల్ లెక్చర్లు, ఆ తర్వాత గిట్, ఆ తర్వాత డేటా, డీబగ్గింగ్. వారానికి ఒకటి, అది కూడా ఆ వారం ఆఫీసులో ఎదురైన పని మీద ప్రయోగించి. మా టీములో కొత్తగా చేరిన కుర్రాడికి లింకు పంపిస్తే, "అన్నా, సర్టిఫికెట్ ఇస్తారా?" అన్నాడు. ఇవ్వరు రా అన్నాను. మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. రెండు వారాల తర్వాత డెస్క్‌టాప్ మీద ఫోల్డర్ కాపీ చేసుకుంటూ దొరికాడు, ఆ రాత్రి గిట్ లెక్చర్ చూశాడట.