ఐదు భాగాల చాకు: ఒపినెల్ ఎనిమిదో నంబరు

మడత చాకులను ఇష్టంగా సేకరించేవారితో మాట కలిపితే టైటానియం పిడుల గురించీ అరుదైన ఉక్కు రకాల గురించీ చాలాసేపు చెబుతారు. కానీ రోజూ జేబులో ఉండేది ఏదని అడిగినప్పుడు, వారిలో ఎక్కువమంది నోట వచ్చే పేర్లలో ఫ్రాన్స్ దేశపు ఒపినెల్ తప్పకుండా ఉంటుంది. గుండ్రని చెక్క పిడి, ఒకే ఒక అలుగు (కోసే ఉక్కు పలక), మెడ దగ్గర ఉక్కు ఉంగరం, చూడటానికి అంతకు మించి ఏమీ లేని ఈ చాకు మీద ఇంత అభిమానం ఎందుకన్న ప్రశ్నకు సమాధానం చెప్పగలిగేంత కాలమే నేను దీనిని వాడాను. పర్లాకిమిడిలో కాపురం ఉంటూ, ఒకవైపు మహేంద్రగిరి కొండలకూ మరొకవైపు ఉద్దానం తోటలకూ బారువ తీరానికీ తిరిగే నా దగ్గర ఎనిమిదో నంబరు చాకులు రెండు ఉన్నాయి. ఒకటి కర్బన ఉక్కుది, మరొకటి తుప్పు పట్టనిది. వాడేవాడు పూర్తిగా అర్థం చేసుకోగలిగి, తన చేతులతోనే చక్కబెట్టుకోగలిగిన చాకు కావడమే దీని అసలు గొప్పతనమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆల్ప్స్ పర్వతాలలోని సవోయ్ ప్రాంతంలో వ్యవసాయపు పనిముట్లు చేసే కుటుంబంలో పుట్టిన జోసెఫ్ ఒపినెల్, 1890లో, తనకు పద్దెనిమిదేళ్లు ఉన్నప్పుడు, చుట్టుపక్కల రైతుల కోసం ఈ చాకును రూపొందించాడు. 1897 నాటికి ఒకటి నుంచి పన్నెండు వరకు నంబర్లతో పన్నెండు పరిమాణాలు స్థిరపడ్డాయి. 1909లో కిరీటం పెట్టిన చేయి గుర్తు నమోదైంది. పైకెత్తిన వేళ్లతో ఉన్న ఆ చేయి సెయింట్ జాన్ ద మోరియెన్ పట్టణపు చిహ్నం నుంచీ, కిరీటం సవోయ్ రాజవంశం నుంచీ వచ్చాయి. నేటికీ ప్రతి అలుగు మీదా ఆ గుర్తే ఉంటుంది, నేటికీ కంపెనీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది. 1985లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ప్రపంచంలోని అందమైన వంద వస్తువుల సరసన దీనికి చోటిచ్చింది. ఇవన్నీ సంతోషించదగినవే అయినా, చరిత్ర చూసి కొన్న చాకు మూడు నెలల తరవాత సొరుగులోకి చేరుతుంది. పనికి వచ్చేదే జేబులో మిగులుతుంది.

ఈ చాకులో ఉన్న భాగాలు ఐదే: అలుగు, చెక్క పిడి, రెంటినీ కలిపే ఇరుసు మేకు, పిడి మెడకు బిగించిన స్థిరమైన కట్టు, దాని మీద తిరిగే ఉంగరం. మొదట ఉంగరం లేదు. 1955లో జోసెఫ్ కుమారుడు మార్సెల్ ఒపినెల్ దానిని చేర్చాడు. ఉంగరానికి ఒక పక్క చీలిక ఉంటుంది. ఆ చీలిక పిడిలోని గాడికి ఎదురుగా ఉన్నంతసేపు అలుగు స్వేచ్ఛగా తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. తెరిచిన తరవాత ఉంగరాన్ని కొద్దిగా తిప్పితే చీలిక పక్కకు జరిగి, ఉంగరపు గోడ అలుగు మడమకు అడ్డం నిలుస్తుంది, ఇక ఎంత నొక్కినా అలుగు వేళ్ల మీదికి మడత పడదు. 2000 సంవత్సరంలో చేసిన మార్పుతో, మూసి ఉన్నప్పుడు కూడా ఉంగరం తిప్పి అలుగును బంధించవచ్చు. పిల్లలున్న ఇంట్లోనూ, సంచిలో వేసుకొని బస్సులో వెళ్లేటప్పుడూ ఈ రెండో తాళం ఎంత ధైర్యాన్ని ఇస్తుందో వాడినవారికి తెలుస్తుంది.

ఇతర మడత చాకుల తాళాలలో స్ప్రింగులూ కీలుబద్దలూ పిడి లోపల దాగి ఉంటాయి. అవి అరిగితే సామాన్యుడు చేయగలిగింది తక్కువ. ఇక్కడ దాగినది ఏదీ లేదు. ఉంగరం వదులైతే దానిని మెల్లగా పైకి లాగి, పటకారుతో కొంచెం లోపలికి నొక్కి, మళ్లీ ఎక్కిస్తే బిగుతు వస్తుంది. పిడి లావుగా తోస్తే గరుకు కాగితంతో రుద్ది చేతికి తగినట్లు తగ్గించుకోవచ్చు. ఔత్సాహికులలో పెద్ద వర్గం ఈ చాకును కొన్న మర్నాడే చెక్కడం మొదలుపెడుతుంది. పిడిని పలకలుగా మలచేవారు, వార్నిష్ గీకి నూనె పట్టించేవారు, బొమ్మలు చెక్కేవారు ఎందరో ఉన్నారు. మా ఊరు కొమ్ము పనికి పేరుపడిన ఊరు కావడం వల్ల ఈ సంగతి నాకు మరింత దగ్గరగా తెలిసింది. పశువుల కొమ్ములతో కొంగలనూ నెమళ్లనూ చేసే ఒక వృద్ధ కళాకారుని చేతిలో నా చాకును పెట్టినప్పుడు, ఆయన ముందుగా అలుగును చూడలేదు. పిడిని అరచేతిలో దొర్లించి, బొటనవేలితో తడిమి, "పిడి మీద కోణం ఎక్కడా లేదు బాబూ, ఎలా పట్టినా చేతికి ఒకేలా ఉంది, పొద్దంతా పని చేసినా చేయి నొప్పి పెట్టదు" అన్నారు. పనిముట్టుతో జీవితం గడిపినవారి మాట కనుక దానిని నేను ఎంతో విలువైనదిగా ఎంచుతాను.

ఎనిమిదో నంబరు అలుగు పొడవు 8.5 సెంటీమీటర్లు, వెన్ను మందం రెండు మిల్లీమీటర్ల లోపే, మొత్తం బరువు సుమారు 45 గ్రాములు. దీని పక్కన అమెరికా వారి ప్రసిద్ధమైన బక్ 110ను పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. 1964లో వచ్చిన ఆ చాకు ఇత్తడి కట్టుతో సుమారు 200 గ్రాములు తూగుతుంది, అలుగు మందం మూడు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అది వేటగాని కోసం పుట్టిన చాకు, దాని పని దానిది. మామిడికాయ ముక్కలు తరగడానికీ, అనాస కళ్లు తీయడానికీ, తేగను నిలువుగా కోయడానికీ వాడితే మాత్రం మందపు అలుగు కోయడం కంటే చీల్చడమే ఎక్కువ చేస్తుంది. ఒపినెల్ అలుగు వెన్ను నుంచి అంచు దాకా స్వల్పమైన ఉబ్బుతో సన్నబడుతూ వస్తుంది కాబట్టి, ముక్కలోకి దిగేటప్పుడు ఎక్కడా ఆగదు, కోసిన ముక్క అలుగుకు అంతగా అంటుకోదు. స్విట్జర్లాండ్‌లో కార్ల్ ఎల్సెనర్ 1884లో స్థాపించిన విక్టోరినాక్స్ వారి చాకులను నేను ఎంతో గౌరవిస్తాను. మరలు విప్పడానికి, డబ్బాలు తెరవడానికి వాటిని మించినవి లేవు. కానీ కూరగాయ తరగడమే పనైతే, అనేక పనిముట్ల మధ్య ఇరుక్కున్న చిన్న అలుగు కంటే చేతినిండా పట్టు దొరికే ఒకే అలుగు మేలు.

ఏ ఉక్కు తీసుకోవాలన్నది మన ప్రాంతంలో తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు. కర్బన ఉక్కు అలుగులో సుమారు 0.9 శాతం కర్బనం ఉంటుంది, తుప్పును అడ్డుకునే క్రోమియం దాదాపు ఉండదు. ఇది మామూలు సానరాయి మీద నాలుగు పట్లు పట్టగానే పదునెక్కుతుంది, ఆ పదునును చాలాసేపు నిలుపుకుంటుంది. దానికి ప్రతిఫలంగా అడిగేది శ్రద్ధ. కోసిన వెంటనే తుడవాలి, ఆరబెట్టాలి, నూనె చుక్క రాయాలి. పుల్లని వాటితో పని చేస్తే అలుగు రంగు మారుతుంది. చింతకాయ, మామిడి, నిమ్మ, అనాస, అన్నిటికంటే ఎక్కువగా వగరు నిండిన జీడిమామిడి పండు, తమ రసంతో ఉక్కు మీద బూడిద, నీలం, నలుపు కలిసిన పొరను ఏర్పరుస్తాయి. కొత్తవారు దీనిని చూసి చాకు పాడైందని బెంగపడతారు, కానీ ఇది ఎర్ర తుప్పు కాదు. లోహానికి గట్టిగా అంటుకొని ఉండే ఈ పలుచని పొర, లోపలికి తుప్పు దిగే వేగాన్ని కొంత తగ్గిస్తుంది. అభిరుచి గలవారు వినెగర్‌లో ముంచి మరీ ఈ పొరను తెప్పించుకుంటారు. ఉద్దానంలో ఒక జీడిపండ్ల కాలం గడిపితే చాలు, అది దానంతట అదే వస్తుంది. అయితే పండుకూ గింజకూ ఉన్న తేడాను మరవరాదు. పచ్చి జీడిగింజ పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి దానిని జేబు చాకుతో కోయడానికి ప్రయత్నించవద్దు, పలాస జీడి పరిశ్రమలో గింజను కొట్టేవారి చేతులు చూసినవారికి ఈ హెచ్చరిక వేరే చెప్పనక్కరలేదు. పనస కోసేటప్పుడు అలుగుకు ముందుగా నూనె రాసే మన అలవాటు కర్బన ఉక్కుకు రెండు విధాల మేలు చేస్తుంది. పాలు అంటుకోవు, తడి తగలదు.

తుప్పు పట్టని రకం స్వీడన్‌లో పుట్టిన 12సీ27 అనే ఉక్కు వంశానికి చెందినది. కర్బనం తక్కువ, క్రోమియం 13 శాతానికి పైన. బారువ, సోంపేట, ఇచ్ఛాపురం, గోపాలపురం వంటి తీర ప్రాంతాలలో ఉండేవారికి నేను సంకోచం లేకుండా దీనినే సిఫార్సు చేస్తాను, ఎందుకంటే ఉప్పుగాలి తుడిచిపెట్టిన అలుగునైనా వదలదు. రాయగడ, గుణుపురం, కొరాపుట్ కొండ ప్రాంతాలవారు కర్బన ఉక్కును నిశ్చింతగా ఎంచుకోవచ్చు. పదునులో ఈ రెంటికీ నిత్య వాడుకలో తెలిసేంత తేడా లేదు. సాన పట్టేటప్పుడు మాత్రం తుప్పు పట్టని ఉక్కు కొంచెం ఎక్కువ ఓపిక అడుగుతుంది.

పిడి ఎక్కువగా బీచ్ చెక్కతో చేస్తారు. చెక్క కాబట్టి తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. శ్రావణ భాద్రపదాల ముసురులో గాడి సన్నబడి అలుగు తేలికగా బయటికి రాకపోవడం ఏ ఒపినెల్‌కైనా సహజమే. ఇలాంటప్పుడు గోటితో పెనుగులాడవద్దు. ఉంగరం విప్పి ఉంచి, పిడి అడుగు భాగాన్ని బల్ల అంచుకు గట్టిగా తట్టితే అలుగు కొన వెన్నువైపు నుంచి కొద్దిగా లేస్తుంది, దానిని పట్టుకొని తెరవవచ్చు. సవోయ్ ప్రజల పేరుతోనే ఈ ఉపాయం ప్రసిద్ధమైంది. వర్షాకాలానికి ముందే పిడికి నూనె పట్టించడం ఇంకా మంచిది. కొబ్బరి నూనె ఎన్నాళ్లైనా ఆరదు, నువ్వుల నూనె సరిగా ఆరక జిగటగా మిగులుతుంది. అవిసె నూనె మాత్రం గాలితో కలిసి చెక్క రంధ్రాలలో గట్టిపడి నీటిని అడ్డుకుంటుంది. కార్తీక మార్గశిరాలలో కొరాపుట్, అరకు కొండలను పసుపుగా మార్చే వలిసెల నూనెకు కూడా కొంతవరకు ఆరే గుణం ఉంది, కాకపోతే అవిసె నూనె కంటే చాలా నెమ్మదిగా ఆరుతుంది. ఏ నూనె అయినా పలుచగా రాసి, మిగిలినది గుడ్డతో తుడిచి, కొన్ని రోజులు నీడలో వదిలేయాలి. నూనె తడిపిన గుడ్డను ఉండగా చుట్టి పడవేయవద్దు, అవిసె నూనె ఆరేటప్పుడు పుట్టే వేడికి అది తనంతట తానే అంటుకోగలదు. పరిచి ఆరబెట్టాలి.

దీనితో చేయకూడని పనులు కూడా కొన్ని ఉన్నాయి. కొబ్బరికాయ పీచు తీయడానికీ, తాటికాయ చెక్కి ముంజలు తీయడానికీ మన కమ్మరులు చేసే బరువైన కత్తులు ఉన్నాయి, సన్నని అలుగును ఆ పనికి పెడితే అంచు వంగుతుంది. కొనతో డబ్బా మూతలు ఎత్తడం, అలుగును పక్కలకు మెలితిప్పడం, వెన్ను మీద కర్రతో కొట్టి కట్టెలు చీల్చడం ఏ మడత చాకుకూ తగవు. ఇక్కడ ఇరుసును మోసేది చెక్కే కనుక దీనికి మరీ తగవు. నీళ్లలో నానబెట్టడం, గిన్నెలతో పాటు తొట్టిలో వేయడం పిడికి హాని.

చట్టం సంగతి ఒక్క మాటలో చెబుతాను. ఆయుధ నియమాలలో పేర్కొన్న పదునైన మారణాయుధాల కొలత తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు లేదా రెండు అంగుళాలకు మించిన వెడల్పు, ఈ అలుగు మూడున్నర అంగుళాలైనా లేదు. అయినా విమానంలో చేతి సంచిలో పెట్టుకోనివ్వరు, రైల్వే స్టేషన్లలోనూ ఆలయాల దగ్గరా తనిఖీలో ఆపితే వాదించకుండా చూపించడం మర్యాద.

కొనదలచినవారు పరిమాణాన్ని చేతిని బట్టి ఎంచుకోవాలి. చిన్న అరచేతికి ఆరో నంబరు, 7 సెంటీమీటర్ల అలుగుతో, జేబులో ఉన్నట్టే తెలియదు. వంటకు, బయట వనభోజనాలకు పదో నంబరు, 10 సెంటీమీటర్ల అలుగుతో, బాగుంటుంది. పదకొండు కోసం వెతకవద్దు. పదికీ పన్నెండుకూ మరీ దగ్గరగా ఉందని ఒకటో నంబరుతో పాటు దానిని కూడా 1930లలోనే ఆపేశారు. ఎనిమిది అందరికీ సరిపోతుంది. పిల్లలకు పని నేర్పాలనుకునేవారికి గుండ్రని కొనతో ఏడో నంబరులో ప్రత్యేకమైన రకం దొరుకుతుంది. దిగుమతి సరుకు కాబట్టి ధర మన సంతలో దొరికే చాకుకు ఎన్నో రెట్లు ఉంటుంది, నకిలీలూ తిరుగుతున్నాయి. పెట్టె విప్పగానే అలుగు మీద కిరీటం పెట్టిన చేయి స్పష్టంగా ఉందా, కర్బన ఉక్కో తుప్పు పట్టనిదో తెలిపే ముద్ర ఉందా, ఉంగరం రెండు స్థితులలోనూ బిగుసుకుంటోందా, మూసినప్పుడు అలుగు గాడికి నడిమధ్యన కూర్చుంటోందా అని వెలుతురులో చూసుకోండి. ఇవి నాలుగూ సరిగ్గా ఉంటే, అంచును సానరాయి మీద ఒకసారి సరిచేసుకొని వాడకం మొదలుపెట్టవచ్చు.