బోల్ట్ స్నాప్‌ని దేనితో కట్టాలి? నైలాన్ దారమా, జిప్ టైయా, ఓ-రింగా?

బోల్ట్ స్నాప్ అంటే స్ప్రింగు గడియ ఉన్న చిన్న లోహపు కొక్కెం; స్కూబా డైవర్లు సామానును ఒంటి మీది పట్టీలకు తగిలించుకునేది దీనితోనే. టార్చికీ, సిలిండర్లో మిగిలిన గాలిని చూపే ప్రెషర్ గేజ్‌కీ దీన్ని దేనితో కట్టుకోవాలని సొంత సామాను కొనుక్కుంటున్న డైవర్లు పదే పదే అడుగుతున్నారు. ఇంట్లో దొరికేవి నాలుగు: తాళంచెవుల రింగు, జిప్ టై (బిగిస్తే వదలని ప్లాస్టిక్ పట్టీ), ఓ-రింగ్ (రబ్బరు వలయం), నైలాన్ దారం. ఒడ్డున చూస్తే నాలుగూ బాగానే పట్టి ఉంటాయి. తేడా తెలిసేది నీళ్ళలో, అదీ రెండు సందర్భాల్లో: స్నాప్ ఎంతకీ ఊడిరానప్పుడు, ఊడకూడని వస్తువు దానంతటదే ఊడిపోయినప్పుడు.

నా లెక్కలో ముందు చూడాల్సింది మొదటి సందర్భం. స్నాప్ స్ప్రింగులో ఇసుక ఇరుక్కుంటుంది. సరిగ్గా కడగకపోతే ఉప్పు పేరుకుని గడియ కదలదు. ఇత్తడి మీద క్రోమ్ పూత వేసిన చవక రకాల్లో పూత లేచి బిగుసుకుపోతుంది. బంగాళాఖాతంలో తెగిపోయిన వలలు రాళ్ళకు చుట్టుకుని ఉండడం మామూలే. ఆ పోగొకటి గడియలో దూరితే ఒక చేత్తో విప్పడం కష్టం. అలాంటప్పుడు మిగిలే దారి కొయ్యడమే. కాబట్టి స్నాప్‌కీ వస్తువుకీ మధ్య ఉన్నది మీ చిన్న కత్తికి తెగాలి. గుహల్లో డైవ్ చేసేవాళ్ళు లోహానికి లోహం తగిలించకూడదని పట్టుబట్టేది ఇందుకే. తాళంచెవుల రింగు ఈ పరీక్షలోనే ఓడిపోయింది. పైగా ఉప్పునీళ్ళలో త్వరగా తుప్పు పడుతుంది. గడియ లోపలికి తెరుచుకునే కారాబైనర్లు (పెద్ద లోహపు కొక్కేలు) మరీ ప్రమాదం, వల పోగు తగిలితే వాటంతటవే పట్టేసుకుంటాయి.

జిప్ టై కత్తికి తెగుతుంది, నిమిషంలో బిగుస్తుంది. కానీ ఎండకు పెళుసుబారి, ముందు ఏ సూచనా లేకుండా పుటుక్కుమంటుంది. నల్లవి తెల్లవాటికంటే ఎండకు కొంత ఆగుతాయి, అంతే. తోక కత్తిరించిన చోట మిగిలే అంచు వేళ్ళు గీస్తుంది, డ్రై గ్లోవ్‌ని (లోపలికి నీళ్ళు రానివ్వని చేతితొడుగుని) చింపుతుంది. పడవ మీద తాత్కాలిక మరమ్మతుకు నాలుగు సంచిలో ఉంచుకోండి. టార్చిని మాత్రం దాని మీద వదిలెయ్యకండి.

నైలాన్ దారం రెండు పరీక్షలూ నెగ్గుతుంది. అవసరమైతే ఒక్క కోతకు తెగుతుంది, అవసరం లేనప్పుడు తెగదు. అరిగిపోతూ ఉంటే పోగులు లేచి ముందే కనిపిస్తుంది. విశాఖ, కాకినాడ ఫిషింగ్ హార్బర్ల దగ్గర వల సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. సుమారు 2 మిల్లీమీటర్ల మందంలో, జడలా అల్లినది అడగండి. పేనిన దారం కోసిన చోట విచ్చుకుంటుంది. వలలకు వాడే పాలిథిన్ దారం నున్నగా ఉండి ముడి జారిపోతుంది. తేడా తెలియకపోతే చిన్న ముక్కను బకెట్ నీళ్ళలో ముంచి, గాలి పోయేలా నలిపి వదలండి. నైలాన్ మునుగుతుంది, పాలిథిన్ తేలుతుంది.

గేజ్‌కి కట్టేటప్పుడు 60 సెంటీమీటర్ల ముక్క తీసుకుని రెండు కొసలూ లైటర్‌తో కరిగించండి. హోస్ చివర, గేజ్ దగ్గరుండే లోహపు బిగింపు మీద చుట్టాలి. రబ్బరు మీద బిగిస్తే పైపొరలోకి దిగబడుతుంది. బిగింపు చుట్టూ తిప్పి స్నాప్ కంట్లోంచి (చివరనున్న రింగులోంచి) తీయండి, ఇలా మూడుసార్లు. తర్వాత స్నాప్‌కీ హోస్‌కీ మధ్య ఆ చుట్ల నడుముకు అడ్డంగా మూడు నాలుగు చుట్లు గట్టిగా లాగి వెయ్యండి. చాలామంది వదిలేసేది ఈ అడ్డచుట్లే. అవి లేకపోతే కట్టు వదులై గేజ్ వేలాడుతుంది, పగడాలకు తగులుతుంది. ఇక ముడి: కుడి కొస ఎడమ మీదుగా, మళ్ళీ ఎడమ కొస కుడి మీదుగా, పైన ఇంకోటి. 5 మిల్లీమీటర్లు వదిలి కోసి, కరిగించి, తడి కత్తి వీపుతో అదమండి. వేలితో వద్దు, కరిగిన నైలాన్ చర్మానికి అంటుకుంటుంది. ఆ బొట్టు హోస్ మీద పడినా పాడే, అందుకే ముందే హోస్‌కి తడిగుడ్డ చుట్టండి.

టార్చికి తాడు కన్నం ఉంటే దాని అంచు వేలితో తడిమి చూడండి. పదునుగా ఉంటే దారాన్ని రంపంలా కోస్తుంది. సన్న గరుకు కాగితంతో రుద్దితే చాలు. కన్నం లేకపోతే పాత సైకిల్ ట్యూబు నుంచి 2 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ కోసి టార్చికి తొడిగి, దాని మీద చుట్టండి. జారదు.

మరి ఓ-రింగ్ ఎక్కడ? ఆక్టోపస్ దగ్గర, అంటే జోడీ డైవర్ కోసం ఉంచే అదనపు శ్వాస పరికరం దగ్గర. గాలి అయిపోయిన జోడీ డైవర్ దాన్ని పట్టుకుని లాగుతాడు, కత్తి కోసం వెతకడు. అక్కడ లాగితే వచ్చేసే కట్టే కావాలి, నైలాన్ దారం తప్పు. ఓ-రింగ్‌ని మడిచి నొక్కి చూడండి, పగుళ్ళు కనిపిస్తే పారేయండి. ఆక్టోపస్‌ని మెడలో వేసుకునే బంజీకి (సాగే తాడుకి) తగిలించినా మంచిదే. ఏది పెట్టినా, నీళ్ళలోకి దిగేముందు జోడీ డైవర్‌నే ఒక చేత్తో ఒకసారి లాగి చూడమనండి.